మిరుగు ముందు మిద్దె తోట, ఇంట్లో పది నెలల నాటు కుక్క: ఒకే మేడ మీద రెండూ ఎలా?

మేడమీద_మల్లి, హైదరాబాద్
మే 27, రాత్రి 9:15

అందరికీ నమస్కారం. మేడ మీద కూరగాయలు మొదలుపెట్టి నాకు ఇది నాలుగో ఏడు. సగానికి కోసిన నీలం డ్రమ్ములు ఆరు, గ్రో బ్యాగులు పాతిక, ఆకుకూరలకు వెడల్పాటి టబ్బులు ఉన్నాయి. మే నెల ఎండల్లో పాత మట్టంతా టార్పాలిన్ మీద పరిచి ఎండబెడతాను. మిరుగు (మృగశిర కార్తె) వచ్చి నాలుగు వానలు పడ్డాక బెండ, బీర, సొర, గోరుచిక్కుడు విత్తుతాను.

ఈ ఏడు ఇంట్లో లడ్డు ఉన్నాడు. పోయిన దసరా ముందు మా వీధిలో ఆగి ఉన్న కారు కింద దొరికిన పిల్ల. ఇప్పుడు పది నెలలు. పొద్దున ఆరింటికి నేను మెట్లెక్కితే నా కంటే ముందు మేడ మీద ఉంటాడు. ఎండబెట్టిన మట్టిని నీడకు లాగి కొత్త ఎరువులు కలిపిన రోజు నుంచి తవ్వకం మొదలైంది. నిన్న ప్రోట్రేలో (నారు పోసే గుంటల ట్రే) మొలిచిన టమాటా, వంగ నారు మొత్తం తిరగేశాడు. పదిహేను రోజుల నారు.

మా అత్తయ్య వాణ్ని మేడ ఎక్కనీయొద్దు అంటున్నారు. మావారు ఈ ఏడాదికి తోట మానేయమంటున్నారు. నాకు రెండూ కావాలి. కుక్కలతో పాటు తోట పెంచుతున్న వాళ్లు దారి చెప్పండి.

గోదారి_పెరడు, రాజమహేంద్రవరం
మే 27, రాత్రి 10:02

మల్లిగారూ, నారు పోయినందుకు బాధగా ఉంది. కానీ వాడి మీద కోపం పెట్టుకోకండి. రోహిణి ఎండలకు రోళ్లు పగులుతాయంటారు కదా, బొచ్చు ఉన్న ప్రాణి ఏం చేస్తుంది? పైమట్టి కాలుతుంటే అడుగున చల్లగా ఉంటుంది. అందుకే గొయ్యి తీసుకుని అందులో పొట్ట ఆనించి పడుకుంటాయి. మా పెరట్లో అరటి పాదుల దగ్గర మా రాణి ప్రతి వేసవిలో ఇదే పని.

నేను చేసింది ఒకటే. జామచెట్టు కింద రెండడుగుల గొయ్యి తీసి ఇసుక నింపి, పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి రెండు చెంబుల నీళ్లు పోశాను. మొదటి నాలుగు రోజులు దాని ముందే అందులో బిస్కెట్ ముక్కలు పాతిపెట్టాను. ఆ గొయ్యి తనదని దానికి తెలిసిపోయింది. మీకు మేడ కాబట్టి ఒక డ్రమ్ము సగం వాడికి ఇచ్చేయండి.

మిరప_గింజ, గుంటూరు
మే 27, రాత్రి 10:40

నారు గురించి దిగులు వద్దండి. టమాటా, వంగ, మిరప నారు జూన్ మొదటి వారంలో మళ్లీ పోసినా నెలాఖరుకు, జూలై మొదటి వారానికి నాటుకోవచ్చు. నిజానికి వానాకాలానికి అదే సరైన సమయం. ఈసారి ట్రేను బల్ల మీద పెట్టి పైన కోళ్ల జాలీ వేయండి. నీళ్లు మరీ ఎక్కువ పోయకండి. మబ్బు పట్టిన రోజుల్లో తడి ఎక్కువైతే మొదలు నీరుకారి నారు పడిపోతుంది. కోకోపీట్‌లో (కొబ్బరి పీచు పొడి) కాస్త ట్రైకోడెర్మా (మేలు చేసే శిలీంధ్రం పొడి) కలిపితే నారుకుళ్లు తగ్గుతుంది.

బెండ, బీర, సొర, కాకరకు నారు అక్కర్లేదు, నేరుగా విత్తండి. కాకర గింజ పెంకు గట్టిది, ఒక రోజంతా నానబెట్టాలి. బెండకు రాత్రి నానబెడితే చాలు.

కంది_చేను, మహబూబ్‌నగర్
మే 28, ఉదయం 6:50

అక్కా, మా ఇంట్ల గూడ కుక్క ఉంది. కుండీల చుట్టూ తుమ్మ కంప పెట్టినం, దగ్గరికి రాదు. మా అవ్వ అయితే మట్టి మీద కారం చల్లేది.

బ్రూనో_నాన్న, విశాఖపట్నం
మే 28, ఉదయం 8:10

కారం, కంప రెండూ వద్దు తమ్ముడూ. కారం ముక్కులోకి, కళ్లలోకి పోతే అది పడే బాధ చూడలేం. కంప ముల్లు పాదంలో విరిగితే చీము పడుతుంది.

మల్లిగారూ, మీ మాటల్లో నాకు ఒకటి పట్టింది. ఎరువులు కలిపిన రోజు నుంచి తవ్వుతున్నాడన్నారు. మరి ముందు అంత తవ్వలేదా? అలాగైతే వేడి ఒక్కటే కారణం కాదు, మట్టిలోంచి ఏదో వాసన పిలుస్తోంది. మా బ్రూనో లాబ్రడార్. రెండేళ్ల కిందట గులాబీలకు ఎముకల పొడి వేస్తే మొత్తం పాదు తవ్వి తిన్నాడు. ఎముకల పొడి పొట్టలో ముద్దకట్టి అడ్డుపడుతుందట, డాక్టరు ఎక్స్‌రే తీయించారు. చేపల కషాయం వేసినప్పుడూ అంతే. మీరు ఏమేం కలిపారో చెప్పండి.

మేడమీద_మల్లి
మే 28, మధ్యాహ్నం 1:30

అవునండీ, మీరు అడిగాక గుర్తొచ్చింది. మట్టి పరిచినప్పుడు దాని మీద పడుకున్నాడే గానీ తవ్వలేదు. నేను కలిపినవి: పాత మట్టి సగం, మాగిన పశువుల ఎరువు, కోకోపీట్, వేపపిండి, ఇంకా ఈసారి కొత్తగా మిశ్రమ చెక్కల పిండి (నూనె తీశాక మిగిలే గింజల చెక్కల పొడి) రెండు కిలోలు. మూడు డ్రమ్ములకు కలిపాను. మిగతాది సంచిలో మెట్ల కింద ఉంది. ఎముకల పొడి వేయలేదు.

పశువైద్యం_అత్త, కరీంనగర్
మే 28, మధ్యాహ్నం 1:52

అమ్మా మల్లీ, ఆ మిశ్రమంలో ఏ చెక్కలు ఉన్నాయో సంచి మీద ఇప్పుడే చూడు. ఆముదపు చెక్క ఉంటే ఆ సంచి వెంటనే గట్టి మూత ఉన్న డబ్బాలో పెట్టి తాళం వెయ్యి. లడ్డును మేడ మీదికి పోనీయకు.

ఆముదం గింజలో రిసిన్ అనే విషం ఉంటుంది. అది నూనెలోకి దిగదు. నూనె తీశాక చెక్కలోనే మిగులుతుంది. అందుకే ఆముదపు చెక్కను పశువులకు దాణాగా పెట్టరు, పొలానికే వేస్తారు. బాగా వేడి చేసి శుద్ధి చేసిన చెక్కలో విషం విరిగిపోతుంది, కానీ ఎరువుగా అమ్మే పిండిని అలా శుద్ధి చేశారో లేదో మనం చూసి చెప్పలేం. చేదుగా ఉండే వేపపిండిని కుక్క మామూలుగా ముట్టదు. ఆముదపు పిండి వాసన మాత్రం దానికి తిండిలా అనిపిస్తుంది. నేను 26 ఏళ్లు పశువైద్యురాలిగా చేశాను. గులాబీ పాదుల్లో వేసిన ఈ పిండి తిని వచ్చిన కుక్కలను చూశాను, అన్నింటినీ ఇంటికి పంపలేకపోయాను.

మేడమీద_మల్లి
మే 28, మధ్యాహ్నం 2:20

అత్తా, సంచి వెనక చిన్న అక్షరాల్లో ఉంది: వేప, కానుగ, వేరుశనగ, ఆముదం. జంతువులకు దూరంగా ఉంచండి అని ఎక్కడా లేదు. సంచి మూల చిరిగి ఉంది. నేను చింపలేదు. లడ్డు పొద్దుటి అన్నం వదిలేశాడు, ఎండకేమో అనుకున్నాను. ఇప్పుడే ఒకసారి వాంతి చేసుకున్నాడు. చేతులు వణుకుతున్నాయి.

పశువైద్యం_అత్త
మే 28, మధ్యాహ్నం 2:22

వెంటనే బయల్దేరు. సంచి కూడా తీసుకెళ్లు, డాక్టరుకు చూపించు. ఉప్పునీళ్లు పట్టకు, పాలు పట్టకు, పాలు ఈ విషాన్ని విరవవు. ఎప్పుడు తిన్నాడో, ఎంత తిన్నాడో అంచనాగా చెప్పు. తగ్గుతుందేమో చూద్దామని ఇంట్లో కూర్చోకూడని జబ్బు ఇది. కొన్ని గంటల్లో కనబడొచ్చు, రెండు రోజులకూ కనబడొచ్చు. దీనికి విరుగుడు మందు లేదు, సెలైన్ పెట్టి ఒంట్లో నీరు పడిపోకుండా కాపాడుకోవాలి. ముందుగా వెళ్తే బతికే అవకాశం బాగా ఎక్కువ.

గోదారి_పెరడు
మే 28, మధ్యాహ్నం 2:31

మల్లిగారూ, బండి మీద ఒక్కరే వెళ్లకండి, ఎవరినైనా తోడు తీసుకెళ్లండి. దారిలో నీళ్లు కావాలంటే కొంచెం కొంచెంగా తాగనివ్వండి. మేమంతా ఇక్కడే ఉన్నాం.

బ్రూనో_నాన్న
మే 28, రాత్రి 9:05

ఏమైందమ్మా? ఒక్క మాట చెప్పండి. ఇంట్లో మా ఆవిడ కూడా అడుగుతోంది.

మేడమీద_మల్లి
మే 28, రాత్రి 11:48

ఇప్పుడే ఇంటికి వచ్చాం. లడ్డును ఆసుపత్రిలోనే ఉంచారు. సాయంత్రానికి రక్తంతో విరేచనాలు అయ్యాయి. సెలైన్ ఎక్కుతోంది, వాంతులకు ఇంజెక్షన్ ఇచ్చారు. సంచి చూడగానే డాక్టరుగారు ఇంకేమీ అడగకుండా మొదలుపెట్టారు. అత్తా, మీరు సంచి తీసుకెళ్లమనకపోతే ఎండదెబ్బ అనుకునేవాళ్లం. తోట మానేయమన్న మావారే రాత్రికి అక్కడ ఉంటానని ఉండిపోయారు.

మేడమీద_మల్లి
మే 31, సాయంత్రం 6:10

మూడు రోజులు సెలైన్ మీద ఉన్నాడు. నిన్న రాత్రి మొదటిసారి తోక ఆడించాడు. ఈ రోజు మధ్యాహ్నం రెండు చెంచాల గంజి తాగాడు, వాంతి కాలేదు. రక్తపరీక్షలో లివర్, కిడ్నీ ఫర్వాలేదన్నారు. వారం తర్వాత మళ్లీ చేయించాలి. రేపు ఇంటికి పంపుతామన్నారు.

జవాబులు రాసిన ప్రతి ఒక్కరికీ దండం.

పశువైద్యం_అత్త
మే 31, సాయంత్రం 6:30

చాలా మంచి మాట చెప్పావు తల్లీ. వారం పాటు మెత్తగా ఉడికిన అన్నం, ఉడికించి చేత్తో చిదిపిన చికెన్, కొంచెం కొంచెంగా నాలుగైదు సార్లు పెట్టు. కారం, నూనె, మసాలా వద్దు. ఇంట్లో కూర మిగిలితే వాడికి కలిపే అలవాటు ఉంటే మానెయ్యి. ఉల్లి, వెల్లుల్లి కుక్కల రక్తకణాలను దెబ్బతీస్తాయి. మన కూరల్లో అవి లేనిది ఏముంది?

బాల్కనీ_బెండ, బెంగళూరు
జూన్ 1, ఉదయం 7:20

ఇదంతా చదివి రాత్రి నిద్ర పట్టలేదు. మాది అద్దె ఇల్లు, బాల్కనీలో ఎనిమిది కుండీలు, ఒక ఇండీ (నాటు కుక్క). నా దగ్గరున్న డబ్బాలన్నీ తీసి చదివాను. ఆముదం లేదు. కానీ రెండు ప్రశ్నలు ఉన్నాయి. మా కుక్క కరివేపాకు కుండీలోనే మూత్రం పోస్తుంది, ఆకులు అంచుల్లో మాడిపోతున్నాయి. అది ఎరువేనని అమ్మ అంటోంది. ఇంకోటి, దాని మలాన్ని కంపోస్టు డబ్బాలో వేయొచ్చా? ఆవు పేడ వేస్తాం కదా.

మిరప_గింజ
జూన్ 1, ఉదయం 9:00

మూత్రంలో నత్రజని, ఉప్పులు ఎక్కువ. నేలలో అయితే నలుదిక్కులా విస్తరిస్తాయి, కుండీలో ఎక్కడికీ పోలేవు. అందుకే ఆకు మాడుతోంది. రెండు మూడు సార్లు కుండీ నిండా నీళ్లు పోసి కింది రంధ్రంలోంచి పోనివ్వండి. కుండీని స్టాండ్ మీదికి ఎత్తండి. కరివేపాకు గట్టి మొక్క, కోలుకుంటుంది.

మలం మాత్రం కూరగాయల కంపోస్టులో వద్దే వద్దు. ఆవు గడ్డి తింటుంది, కుక్క తిండి వేరు. నులిపురుగుల గుడ్లు మన ఇంటి డబ్బాలో పుట్టే వేడికి చావవు. పాలకూర, కొత్తిమీర లాంటివి నేలకు దగ్గరగా పెరిగేవి, పచ్చివి తింటాం.

అమ్మమ్మ_విత్తనాలు, న్యూజెర్సీ
జూన్ 1, ఉదయం 9:45

మల్లిగారి లడ్డు బాగుండాలని ఇక్కడి నుంచి కోరుకుంటున్నాను. మాకు ఇక్కడ మంచు పడే భయం మే మధ్య వరకు పోదు. కాబట్టి ఏప్రిల్లోనే బీర, సొర, దోస, గోంగూర ఇంట్లో కిటికీ దగ్గర కప్పుల్లో మొలకెత్తిస్తాం. మా చెర్రీ గోల్డెన్ రిట్రీవర్. నేల మీద పెట్టిన కప్పులన్నీ తనవే అనుకుంటుంది. అందుకే ఇప్పుడు అవి వాషింగ్ మెషీన్ మీద, చిన్న బల్బు కింద పెరుగుతాయి. పోయిన వారమే అన్నీ బయట నాటాను.

ఇక్కడున్న తెలుగు వాళ్లకు ఒక హెచ్చరిక. తోటల దుకాణాల్లో మట్టి మీద పరచడానికి కోకో పొట్టు అమ్ముతారు, చాక్లెట్ వాసన వస్తుంది. చాక్లెట్ కుక్కలకు ఎందుకు విషమో అదే ఇందులోనూ ఉంటుంది. కొబ్బరి పీచుతో చేసే కోకోపీట్ వేరు, ఇది వేరు. పేర్లు దగ్గరగా ఉండి నేనే ఒకసారి బండిలో పెట్టుకోబోయాను.

మేడమీద_మల్లి
జూన్ 4, రాత్రి 8:30

లడ్డు ఇంటికి వచ్చి మూడు రోజులైంది. చిక్కిపోయాడు, కానీ అన్నం గిన్నె చప్పుడు వింటే లేచి వస్తున్నాడు. అత్తయ్య వాడికి స్వయంగా గంజి కాస్తున్నారు. మేడ మీదికి ఇంకా తీసుకెళ్లలేదు.

ఇప్పుడు నా ప్రశ్న ఆ మూడు డ్రమ్ముల మట్టి గురించి. పారేయాలా? అందులో పండిన కూర మనం తినొచ్చా?

పశువైద్యం_అత్త
జూన్ 4, రాత్రి 9:00

ఆముదపు చెక్కను మన రైతులు తరతరాలుగా పొలాలకు వేస్తున్నారు, పంటకు మంచి ఎరువే. ఆ పిండిని నేరుగా నోట్లో పెట్టుకునే ప్రాణికే ప్రమాదం. తడి మట్టిలో అది క్రమంగా కుళ్లి విరిగిపోతుంది. పారేయక్కర్లేదు, వీధిలో పోస్తే ఇంకో కుక్క తింటుంది. మట్టి కలిపేటప్పుడు ముక్కుకు గుడ్డ కట్టుకో, పిండి దుమ్ము పీల్చడం మనకూ మంచిది కాదు. మూడు డ్రమ్ముల మీద జాలీ బిగించి కట్టు, ఈ పంట అయ్యేదాకా విప్పకు. మిగిలిన సంచిని ఇంట్లో ఉంచొద్దు.

కంది_చేను
జూన్ 4, రాత్రి 9:25

అక్కా, లడ్డు మంచిగైనందుకు సంతోషం. కారం సంగతి నేను తెల్వక చెప్పిన, మా ఇంట్ల కంప గూడ తీసేసినం. ఆ మూడు డ్రమ్ములల్ల తీగజాతి పెట్టుండ్రి. జాలీ మధ్యల ఒక్క రంధ్రం చాలు, తీగ పందిరి మీదికి పోతది. చిక్కుడు గూడ ఇప్పుడే పెట్టుండ్రి. పూత మాత్రం పొద్దు కురచ అయ్యేదాకా రాదు, తొందరపడి పీకెయ్యకుండ్రి. సంక్రాంతికి చెట్టు నిండ కాస్తది. రథసప్తమికి పాయసం పెట్టే చిక్కుడాకులు గూడ దాని మీదనే ఉంటయి.

మేడమీద_మల్లి
జూన్ 13, ఉదయం 7:05

మూడు రోజులుగా వాన. నిన్న విత్తాను. జాలీ కట్టిన డ్రమ్ముల్లో బీర, సొర, చిక్కుడు. గ్రో బ్యాగుల్లో అర్క అనామిక రకం బెండ, బ్యాగుకు రెండు గింజలు. టబ్బుల్లో గోంగూర, తోటకూర. రెండో విడత నారు బల్ల మీద భద్రంగా ఉంది. ఈసారి ఎరువు మాగిన పశువుల ఎరువు, వేపపిండి, అంతే.

నాలుగో డ్రమ్ము లడ్డుది. ఇసుక నింపాను. రక్తపరీక్ష బాగుందన్నాక నిన్న మొదటిసారి పైకి తీసుకెళ్లాను. ఐదు నిమిషాలు డ్రమ్ముల చుట్టూ వాసన చూస్తూ తిరిగాడు. గోదారిగారూ, మీరు చెప్పినట్టే వాడి ముందు బిస్కెట్ పాతిపెట్టాను. ముందు నా ముఖం చూశాడు. తవ్వు అన్నాక తవ్వాడు.

గోదారి_పెరడు
జూన్ 13, ఉదయం 8:15

ఆ చూపు తలచుకుంటే కళ్లు చెమర్చాయండి.

వానలు మొదలయ్యాయి కాబట్టి ఇంకో సంగతి. మా వైపు ముసురు పట్టగానే పెద్ద ఆఫ్రికన్ నత్తలు దిగుతాయి, ఒక్క రాత్రిలో బెండ మొలకలు నున్నగా కొరికేస్తాయి. వాటికి వేసే మెటాల్డిహైడ్ గుళికలు కుక్కలకు ప్రాణాంతకం. తిన్న గంటల్లోనే వణుకు, ఫిట్స్ వస్తాయి. మేం వాడం. రాత్రి తొమ్మిదింటికి తడి గోనెపట్టా కింద క్యాబేజీ ఆకులు, బొప్పాయి తొక్కలు పెడితే నత్తలన్నీ అక్కడికే చేరతాయి. తెల్లవారుజామున చేతికి తొడుగు వేసుకుని ఏరి ఉప్పునీళ్ల బకెట్లో వేస్తాం. శ్రమే, కానీ రాణి పెరట్లో తిరుగుతుంది కదా.

పశువైద్యం_అత్త
జూన్ 13, ఉదయం 9:40

వానాకాలంలో పిడుదులు కూడా చూసుకోండి. చెవి లోపల, కాలి వేళ్ల మధ్య, మెడపట్టీ కింద రోజూ చెయ్యి పెట్టి వెతకాలి. జ్వరం, తిండి మానడం, చిగుళ్లు పాలిపోవడం కనిపిస్తే పిడుదుల జ్వరం కావచ్చు, రక్తపరీక్ష చేయించండి. కుండీల కింద పళ్లేల్లో నిలిచిన నీళ్లు తాగనీయొద్దు. ఎలుకలు మూత్రం పోసిన నీళ్ల నుంచి లెప్టోస్పైరోసిస్ అనే జబ్బు వస్తుంది. ఆ టీకా ఏడాదికోసారి, రేబిస్ టీకా కూడా ఏడాదికోసారి తప్పకూడదు. వీధి నుంచి తెచ్చిన పిల్లలకు మరీ ముఖ్యం.

బ్రూనో_నాన్న
జూన్ 13, ఉదయం 10:30

ఎలుకల మాట వచ్చింది కాబట్టి ఒకటి. తీగజాతులకు ఎలుకలు వస్తే చాలామంది మందు పెడతారు. మందు తిన్న ఎలుకను కుక్క పట్టినా ప్రమాదమే. బోను పెట్టండి.

మేడమీద_మల్లి
జూలై 24, సాయంత్రం 6:40

సొరకు ఆడపూలు వస్తున్నాయి గానీ పిందెలు పసుపెక్కి రాలుతున్నాయి. తేనెటీగలు కనబడటం లేదు. ఏం చేయాలి?

మిరప_గింజ
జూలై 24, రాత్రి 8:00

సొరపువ్వు సాయంత్రం విచ్చుకుంటుంది, అందుకే పగటి తేనెటీగలు రావు. మగపువ్వు కోసి రేకులు వెనక్కి మడిచి, పిందె ఉన్న ఆడపువ్వు మధ్యలో మెల్లగా రాయండి. ఒక మగపువ్వుతో రెండు ఆడపూలకు సరిపోతుంది. బీర కూడా సాయంత్రమే. కాకర అయితే పొద్దున్నే. రేపు చీకటి పడే వేళ చేస్తే మూడు నాలుగు రోజుల్లో పిందె ఊరడం కనిపిస్తుంది.

మేడమీద_మల్లి
ఆగస్టు 9, ఉదయం 7:30

మొదటి కోత: బెండకాయలు పదకొండు, సొరకాయ ఒకటి, గోంగూర రెండు కట్టలు. చేత్తో రాసిన ఐదు పిందెల్లో నాలుగు నిలిచాయి.

లడ్డు ఇప్పుడు పన్నెండు నెలల వాడు. పొద్దున నీళ్లు పోసే ముందు వీధిలో అరగంట నడిపించి తెస్తున్నాను. అలా అలిసి వస్తే తన ఇసుక డ్రమ్ములో పడుకుని నేను కాయలు కోస్తుంటే చూస్తున్నాడు. బెండ ముదిరినవి రెండు వదిలేశాను, విత్తనానికి. కావాల్సిన వాళ్లు చెప్పండి, ఎండాక పంపిస్తాను.

బాల్కనీ_బెండ
ఆగస్టు 9, ఉదయం 7:52

నాకు పది గింజలు చాలండి. కుండీలు స్టాండ్ మీద పెట్టాను, కరివేపాకు కొత్త చిగురు వేసింది.

కంది_చేను
ఆగస్టు 9, ఉదయం 8:05

నాకు గూడ అక్కా. బదులుగా మా అవ్వ దాచిన చిక్కుడు గింజలు పంపుత.